గుండిగలో పెళ్లికి వెళ్లిన కంప్యూటర్

షామియానాలు, పెళ్లివంటల గుండిగలు అద్దెకిచ్చే కంపెనీలో గోడౌన్ చూసుకుని రిటైరైన ఆడమనిషిని నేను. కంప్యూటర్ల గురించి నువ్వెందుకు రాయడం అని మా ఇంట్లోవాళ్లే అంటారు. అననీండి. ఈమధ్య కొత్తగా వ్యాపారం పెట్టుకునే పిల్లలు మా వీధి అరుగు మీద కూర్చుని ఒకటే వాదించుకుంటున్నారు. బుకింగులూ లెక్కలూ సొంత కంప్యూటర్లో పెట్టుకోవాలా, నెలనెలా అద్దె కట్టి క్లౌడ్‌లో పెట్టుకోవాలా అని. ఒకడు సొంతం అంటాడు, ఇంకొకడు క్లౌడ్ అంటాడు, ఇద్దరూ సగం ఇంగ్లీషులో అరుచుకుంటారు. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు ఒక ముహూర్తం ముందురోజు, మండుటెండలో, ట్రాలీ ఆటోలో పోతూ పోతూ తెలిసింది. అది చెబుతాను. తర్వాత మీ వాదన మీరు చేసుకోండి.

మా కంపెనీ ఆత్మకూరులో. ఉదయగిరిలో ఇంకో కొట్టు. నేను గుండిగలు తోమడానికి చేరాను. పెద్ద గుండిగ అయితే పక్కకు పడుకోబెట్టి, లోపల కూర్చుని తోమాల్సిందే. నడివయసు దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. గుండిగల మీద కంపెనీ పేరు రాయడానికి వచ్చే పెయింటర్ పక్కన కూర్చుని, ఆయన గీసిన ప్రతి అక్షరాన్నీ నేల మీద తడివేలితో గీసుకుంటూ నేర్చుకున్నాను. అందుకే నా చేతిరాత ఇప్పటికీ బోర్డు రాతలాగా లావుగా ఉంటుంది. దీన్ని అచ్చు వేసేవాళ్లు ఆ కాయితాలు చూసి నవ్వుకునే ఉంటారు. నవ్వుకోనీండి.

చదవడం వచ్చాక గోడౌన్ నాకు అప్పజెప్పారు. నేను పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. గుండిగను తోమి, ఆరబెట్టి, లోపల గరిటెలూ జల్లెళ్లూ సర్ది, మూత పెట్టి, పైన ఎర్రగుడ్డ కట్టేస్తే అది పెళ్లికి సిద్ధమైనట్టు. ఎర్రగుడ్డ కట్టిన గుండిగను మాలో ఎవరూ విప్పకూడదు. వరసలో ముందున్నది తీసుకుని బండెక్కించడమే. దాన్ని విప్పేది పెళ్లింటి వంటమేస్త్రి ఒక్కడే. ఈ పద్ధతి పెట్టినప్పటి నుంచి గరిటెలు తక్కువ వచ్చాయన్న గొడవే లేదు.

మా ఓనరు మంచివాడు, మొండివాడు. వాళ్ల నాయన చేతి కింద నేను పనిచేశాను కాబట్టి నన్ను ఏమ్మే అంటాడు, నేను అన్నా అంటాను. ఆయన ఒకనాడు కంప్యూటర్ కొన్నాడు. దానికి అద్దాల గది, గదికి ఏసీ. నా గోడౌన్‌లో ఫ్యాన్ కూడా లేదు, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి బుకింగులు కాయితం మీద రాయడం మానేశాడు. రెండు వేళ్లతో టక్కు టక్కుమని కొట్టి, "అంతా దీంట్లోనే ఉండాది" అనేవాడు. ఉన్నమాట చెప్పాలంటే బాగానే ఉండేది. ఏ ఊరికి ఏ సామాను పోయిందో చిటికెలో చెప్పేది.

చిక్కు ఉదయగిరి నుంచి వచ్చింది. అక్కడి కొట్టు ఆయన కోడలు చూసేది. చదువుకున్న పిల్ల, నోరూ చెయ్యీ రెండూ చురుకు. అక్కడ బుకింగ్ వస్తే ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పాలి, ఈయన ఇక్కడ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒకసారి ఆ పిల్ల చెప్పింది, ఈయన భోంచేసి వచ్చి ఎక్కిద్దామనుకున్నాడు. ఈలోపల వింజమూరు వాళ్లొచ్చి అదే స్టేజీ బుక్ చేసుకున్నారు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు, ఒకటే స్టేజీ. దాన్ని సగానికి విడగొట్టి ఇద్దరికీ పంపాం. ఆ రెండు జంటల్లో ఎవరూ కిందపడలేదు. అది మా అదృష్టం.

మరునాడే కోడలు దిగింది.

"మామా, పెట్టె నీకాడ పెట్టుకోని, నేను ఫోన్లో చెప్తా ఉంటే ఎన్నాళ్లు జరుగుతాది? క్లౌడ్ తీసుకుందాం."

"మబ్బుల్లో పెడతావా నా యాపారాన్ని?"

"మబ్బులు కాదు మామా. ఎవురిదో పెద్ద గోడౌన్ ఉంటాది. ఆడ మనకొక బీరువా అద్దెకిస్తారు. తాళంచెవి నీకాడ ఒకటి, నాకాడ ఒకటి. నువ్వు ఈడ తీసినా, నేను ఆడ తీసినా అదే బీరువా. నువ్వు స్టేజీ రాసుకుంటే ఆ గడియలోనే నాకు కనబడతాది."

"ఇంకోడి గోడౌన్లో పెడితే వోడు తెరిచి చూడడా? మన గిరాకీ ఎవురో, ఏ ఊళ్లో ఎవురింట్లో పెళ్లో ఊరందరికీ తెలిసిపోదా?"

"చూడరు మామా."

"నువ్వు పోయి చూసొచ్చినావా? పైగా నెలనెలా అద్దెంట. సొంతానికి ఒకసారి కొనుక్కుంటే పోయేదానికి, సచ్చిందాకా అద్దె కట్టేదేంది?"

"అద్దె అంత తప్పయితే మనం గుండిగలు ఎట్టా అద్దెకిస్తుండాం మామా? జనమంతా పెళ్లికి సొంత గుండిగలు కొనుక్కుంటే మనమేం తినాల?"

నేను పకపకా నవ్వేశాను.

"నువ్వెందుకు నవ్వతావుమే? నీ జీతం కూడా ఆ అద్దెలోదే."

"అందుకే నవ్వతుండానన్నా."

అయితే ఆయన దగ్గరా మాట ఉంది. "సరే, మీ ఉదయగిరిలో వానపడితే ఫోనే పలకదు. అప్పుడు నీ బీరువాకు దారేది? పెట్టె నా గదిలో ఉంటే కరెంటుంటే చాలు." కొండ కింద ఊరు, గాలివాన వస్తే సిగ్నల్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టే అది తెగని పంచాయితీ అయింది.

తెగని పంచాయితీకి మా ఓనరు ఒక తీర్పు చెప్పాడు. కంప్యూటర్ వారంలో సగం ఆత్మకూరులో, సగం ఉదయగిరిలో ఉంటుందన్నాడు. రెండు చోట్లా తెరా కీబోర్డూ కొని పెట్టాడు, పెట్టె ఒక్కటే తిరుగుతుంది. కోడలు తల పట్టుకుంది. ఈయన మాత్రం పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో రాకపోకలు మొదలుపెట్టాడు. నేనూ ఒకసారి వెంట పోయాను. కండక్టరు దగ్గరికొచ్చి దుప్పటి ఎత్తి చూశాడు.

"దీనికి ఫుల్లా, ఆఫా అన్నా?"

"లగేజీ కొట్టు."

"ఒళ్లో కూచుంది గదా. చంటిబిడ్డ కింద పోనీలే."

ఆ దారిలో తిరిగే బస్సుల్లో ఆ పెట్టె తెలియని కండక్టరు లేడు. ఒకాయనైతే దిగేటప్పుడు, "బిడ్డ జాగ్రత్త" అనేవాడు.

ఇక పాలెం నుంచి వచ్చిన ఒకామె సంగతి. కథ అంతా ఈమె గురించే.

ఒక మధ్యాహ్నం నేను మహారాజా కుర్చీలు తుడుస్తున్నాను. మీరు చూసే ఉంటారు. ఎర్ర మఖమల్ మెత్తలు, బంగారు రంగు వేసిన సింహాల చేతులు, మనిషికంటే ఎత్తు వీపు. పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ కూర్చోబెట్టేవి. ఒక ఆడమనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకంటే చిన్నది. కొండాపురం దారిలో చెరువు కింద పాలెం వాళ్లదట. చెరువులో నీళ్లుంటే చేపలు, లేకపోతే కూలి.

"మా వోడి పెళ్లి కుదిరిందక్కా. ఈ కుర్చీలు మా పాలేనికి వస్తాయా?"

"అద్దె కడితే యాడికైనా వస్తాయి."

"అట్టగాదు. మా పాలేనికి ఇయ్యి ఎప్పుడూ రాలా. మా పెళ్లిళ్లకు ప్లాస్టిక్ కుర్చీలే. అయ్యీ ఆ పూటకి అందరం తలా ఒకటి తెస్తాం. మా వోడికి, ఆ పిల్లకి ఇయ్యి కావాల."

ఊరికే చూస్తోంది. కూర్చో అన్నాను. సందేహిస్తూ సింహాల మీద చేతులు పెట్టి కూర్చుంది. కూర్చుని ఒకటే నవ్వు. అద్దాల గదిలోంచి ఓనరు కూడా తొంగిచూసి నవ్వాడు.

"వస్తాయి పో. నేను చెప్తుండా గదా," అన్నాను. ఓనరు టక్కు టక్కుమని కొట్టుకున్నాడు. ఆమె అడ్వాన్సు ఇచ్చి వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు, ఫోన్ చేయలేదు. ఫోన్ ఉందో లేదో కూడా మాకు తెలియదు.

ఆమె చెప్పిన ముహూర్తం మంచి గట్టి ముహూర్తం. మా పక్క ఊరికో పెళ్లి. ముందురోజు పొద్దున పెట్టె ఉదయగిరిలో ఉంది, ఓనరూ అక్కడే ఉన్నాడు. మొదట పోవాల్సిన మూడు లోడ్లు ఏవో ఫోన్లో చెప్పి, మిగతావి వచ్చాక చెబుతానన్నాడు. బస్సుల నిండా పెళ్లి జనం. పెట్టెను ఒళ్లో పెట్టుకునే సందు లేదు. అదే సమయానికి ఖాళీ గుండిగలతో మా టెంపో ఆత్మకూరు బయలుదేరుతోంది. ఈయనకు మహా తెలివి పుట్టింది. అన్నిట్లోకి పెద్ద గుండిగలో పెట్టెను దుప్పటితో సహా దించి, మూత పెట్టి, ఎవరూ విప్పకుండా ఉండాలని పైన ఎర్రగుడ్డ కట్టాడు.

టెంపో ముందు వచ్చింది. ఎర్రగుడ్డ కట్టి ఉంది కాబట్టి మావాళ్లు దాన్ని సిద్ధమైన వరసలో ముందు పెట్టారు. ముందున్నది కాబట్టి ముందు బండెక్కింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, పద్ధతి అదే. బరువెక్కువైనా ఎవరూ మాట్లాడలేదట. గరిటెలు ఎక్కువ సర్దామనుకున్నారు.

తర్వాతి బస్సులో ఓనరు దిగాడు. చెమట తుడుచుకుంటూ గోడౌన్‌లోకి వచ్చాడు.

"నా పెట్టేదిమే?"

"ఏ పెట్టె?"

"గుండిగలో పెట్టి పంపినా గదా. పెద్దది. ఎర్రగుడ్డ కట్టి ఉండాదే."

ఖాళీగా ఉన్న వరస వైపు చూశాను. "అన్నా, ఎర్రగుడ్డ కట్టినవన్నీ పెళ్లిళ్లకు పోయినాయి."

ఆయన ముఖం చూడాలి. "అది ఏ పెళ్లికి పోయిందో కంప్యూటర్లో చూ..." అని ఆగిపోయాడు.

కాసేపటికి తేరుకుని, "భయం లేదులేమే. దీనికి కాపీ ఉండాది," అన్నాడు.

"యాడుండాది?"

"పెన్‌డ్రైవ్‌లో. దాని వెనకాలే గుచ్చి ఉండాది. ఊడి పోతాదేమోనని టేపేసి అంటించినా."

పిల్లల్లారా, మీరు సొంతం పెట్టుకున్నా, క్లౌడ్ పెట్టుకున్నా, కాపీ మాత్రం ఇంకో కప్పు కింద పెట్టుకోండి. ఇంతకుమించి నాకు టెక్నికల్ జ్ఞానం లేదు.

వెళ్లిన డ్రైవర్లకు ఫోన్లు చేశాం. మూడు ఊళ్లలో దించేశారు. రెండు పెళ్లిళ్ల వాళ్లు మూతలు విప్పి చూసి, గరిటెలే ఉన్నాయన్నారు. మూడోది కలిగిరి అవతల ఒక ఊరు. అక్కడ ఫోన్ ఎత్తిన పెద్దావిడ, "పొయ్యి పూజ చెయ్యకుండా గుండిగ విప్పకూడదు. నీకు తెలియదా?" అని నన్నే కసిరి ఫోన్ పెట్టేసింది.

ఈలోపల ఏ పెళ్లికి ఏ సామాను పంపాలో తెలియక గోడౌన్ నిలబడిపోయింది. కానీ చిత్రం ఏమిటంటే, గిరాకీవాళ్లే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. మా షామియానా ఇంకా రాలేదేం, మా టేబుళ్లు ఏవి అని. ఫోన్ చేసిన ప్రతివాడూ తను బుక్ చేసింది తనే చెప్పాడు, కొందరు బుక్ చేయనివి కూడా కలిపి చెప్పారు. పంపించేశాం. మధ్యాహ్నానికి గోడౌన్ సగం ఖాళీ అయింది.

అప్పుడు మహారాజా కుర్చీల దగ్గర నిలబడి ఉంటే నాకు తట్టింది. ఫోన్ చేసేవాళ్లతో మనకు బాధ లేదు. ఫోన్ చేయని మనిషి ఒకామె ఉంది. ఆమె బుకింగ్ ఆ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు. ఆమె పేరు నాకు తెలియదు. కొండాపురం దారిలో చెరువు కింద పాలెం అంటే ఏ పాలెం? ఆ దారిలో చెరువులు ఎన్ని లేవు.

సరిగ్గా అప్పుడే ఓనరు ఫోన్ మోగింది. మా మండలంలో పెద్ద రైతు, రాజకీయాల్లో తిరిగే మనిషి. ఆయన ఇంట్లో పెళ్లికి నెల్లూరు నుంచి రావాల్సిన స్టేజీ కుర్చీలు రాలేదట. మహారాజా కుర్చీల జత ఉంటే పంపమంటున్నాడు. మా దగ్గర ఆ రోజు మిగిలింది ఆ ఒక్క జతే.

"పంపిస్తానన్నా," అన్నాడు ఓనరు.

ఫోన్ పెట్టేదాకా ఆగాను. "యాడ పంపుతావు? అయ్యి పాలెం ఆమెవి."

"ఎవురామె? పేరేంది?"

"పేరు తెలియదు."

"ఏ ఊరు?"

"నీ పెట్టెలో ఉండాది."

"ఆమె వస్తాదో రాదో, పెళ్లి ఆగిందో ఏమో. ఈయన ఏటా మనకాడే తీసుకునే మడిసిమే. ఈయన్ని కాదంటే ఈ చుట్టుపక్కల నాకు గిరాకీ ఉంటాదా?"

"నేను వస్తాయని చెప్పినా. నువ్వు ఎక్కించినావు. ఆమె ఆ కుర్చీలకు ముగ్గు పెట్టి ఎదురుచూస్తా ఉంటాది. ఇయ్యి పోకపోతే రేపు ఆ పిల్లలు యాడ కూచుంటారన్నా?"

చాలాసేపు తల గీరుకున్నాడు. చివరికి ఒక మాటకు వచ్చాం. పెట్టె దొరికి ఆమె బుకింగ్ కనబడితే కుర్చీలు ఆమెకు. కనబడకపోతే రైతుకు. నేను ఒకటే షరతు పెట్టాను. కుర్చీలను కొట్లో వదిలిపెట్టను, నాతోనే వస్తాయి. నేనిటు పోగానే రైతు మనుషులు అటు వచ్చి ఎత్తుకుపోతే నేనేం చేయను?

కలిగిరికి ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ముందు డ్రైవర్ పక్కన నేను కూర్చున్నాను. వెనక రెండు మహారాజా కుర్చీలు పోగా మిగిలిన జాగాలో నిలబడితే పడిపోతారు. ఓనరు గత్యంతరం లేక ఒక కుర్చీలో కూర్చుని, రెండోదాన్ని చేత్తో పట్టుకున్నాడు. నెత్తిన తువ్వాలు, రెండు సింహాల మధ్య చెమటలు కక్కుతూ మా ఓనరు. వింజమూరు సెంటర్లో జనం ఆగి చూశారు. కలిగిరిలో టీకొట్టు దగ్గర ఒకాయన ఏ ఊరి పీఠాధిపతో అనుకుని లేచి దండం పెట్టాడు. మా ఓనరు కూడా చేయి ఎత్తి దీవించాడు. ఇంకేం చేస్తాడు పాపం.

దారిలోనే కోడలికి ఫోన్ చేశాం. జరిగింది చెప్పాం. నవ్వాపుకుంటోందని నాకు తెలుసు. "నేను స్కూటీలో వస్తుండా, మీరు పెట్టెను ముట్టుకోబాకండి," అంది.

పెళ్లింటి ముందు దిగేసరికి పొయ్యి పూజ అయిపోయింది. గుండిగలన్నీ వరసగా పసుపు పూసుకుని ఉన్నాయి. పందిట్లో ఒక పీట. పీట మీద మా కంప్యూటర్. దాని నుదుటన, అంటే బటన్ నొక్కే చోట, ఇంత కుంకుమ బొట్టు. పక్కన దుప్పటి మడతపెట్టి ఉంది.

పెళ్లికూతురి అవ్వ ఎదురొచ్చి ఓనరు చేతులు పట్టుకుంది. "మా పిల్లకు కంప్యూటర్ పెట్టినారంటనే. ఇంతవరకు ఏ కంపెనీవోళ్లూ ఇట్టా పెట్టలా. చల్లగా ఉండు నాయనా."

నేనే చెప్పాను. "అవ్వా, అది పెట్టింది కాదు, తప్పిపోయి వచ్చింది."

"బొట్టు పెట్టినాక ఎనక్కి తీసుకపోతే బాగుంటాదా?"

"నువ్వు బొట్టు పెట్టినందుకే తల్లీ మేము వెతుక్కుంటా రాగలిగింది," అన్నాను. అవ్వ కాస్త మెత్తబడింది. భోంచేసి పోతేనే పెట్టె ఇస్తానంది. వంటమేస్త్రి వేరే గొడవ. "నాకు పెట్టెందుకు? ఆ గుండిగలో గరిటెలేవి? పప్పు దేంతో కలపాల నేను, దీంతోనా?" అని వైరు పట్టుకుని ఊపుతున్నాడు.

కోడలు వచ్చేసింది. పెట్టె దెబ్బతినలేదు. కానీ దాన్ని చూడాలంటే తెర కావాలి, తెరలేమో ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ ఉన్నాయి. ఓనరు ఫోన్ మళ్లీ మోగింది. రైతు. "బండి మీ కొట్టు ముందర ఉండాది. కుర్చీలేవి?"

"ఒక్క నిముసం అన్నా," అని ఈయన నా వైపు చూస్తున్నాడు. నేను ఆకాశం వైపు చూస్తున్నాను.

అక్కడ వీడియో తీసే గడ్డపాయన ఒకడు ఉన్నాడు. స్టేజీ పక్కన సినిమా తెరంత ఎల్ఈడీ స్క్రీన్ నిలబెట్టి, వైర్లు బిగిస్తున్నాడు. "అక్కా, దీనికి తగిలించుకో," అని కోడలికి కేబులూ, తన కీబోర్డూ ఇచ్చాడు.

తగిలించింది. బొట్టు మీదే వేలు పెట్టి బటన్ నొక్కింది. కాసేపు చీకటి. తర్వాత పెళ్లికూతురి, పెళ్లికొడుకు ఫోటోలు రావాల్సిన తెర మీద, పడమటి నెల్లూరు పెళ్లిళ్లన్నీ మూరెడు మూరెడు అక్షరాలతో ప్రత్యక్షమయ్యాయి. ఎవరింట్లో, ఏ ఊళ్లో, ఎన్ని గుండిగలు, ఎన్ని కుర్చీలు.

పందిట్లో పనులన్నీ ఆగాయి. కూరలు తరిగేవాళ్లు కత్తిపీటలు వదిలి వచ్చారు.

"ఒరే, మా వియ్యంకుడు ఊరంతటినీ పిలుస్తానన్నాడే. రెండు గుండిగలే పెట్టినాడేందిరా?"

"మా పక్కింటోళ్ల పెళ్లంట చూడండి. మాకు చెప్పనేలా."

"ప్లాస్టిక్ కుర్చీలేనంట వోళ్లకి. స్టేజీ లేదంట."

ఇంకోడి గోడౌన్‌లో పెడితే ఊరందరికీ తెలిసిపోతుందని ఏళ్ల తరబడి క్లౌడ్ వద్దన్న మనిషి, తన బుకింగులన్నీ తన సొంత పెట్టెలోంచే పెళ్లి జనం ముందు వెలిగిపోతుంటే తువ్వాలు అడ్డం పట్టడానికి పరిగెత్తాడు. తెర ఇంత, తువ్వాలు ఇంత. వెనక నుంచి ఎవరో, "అన్నా, పక్కకి జరుగు. కనపళ్లా," అన్నారు. కోడలు ఫోన్ తీసి ఫోటో మాత్రం తీసుకుంది. ఆ ఫోటో ఇప్పటికీ ఉదయగిరి కొట్లో గోడకు ఉంది.

ఆమె పేరు తెలియదు కాబట్టి మహారాజా కుర్చీలు అని వెతకమన్నాను. తెర జరజరా కిందకి జరిగి ఒక వరస దగ్గర ఆగింది. జనం ఒక్కసారిగా నవ్వారు. వాళ్లంతా చదివి నవ్వడం అయిపోయాక నేను కూడబలుక్కుని చదివాను. నాకు వేగం తక్కువ. పేరు రాయాల్సిన చోట మా ఓనరు ఇలా కొట్టుకున్నాడు: "కుర్చీలో కూచోని నవ్వినామె." ఊరి దగ్గర, "కొండాపురం దారి, చెరువు పాలెం." ఫోన్ నెంబరు దగ్గర ఏమీ లేదు.

"నువ్వు పేరు అడగలేదా మామా?" అంది కోడలు.

"నవ్వుతా ఉన్నింది. ఎట్టా అడుగుతా?"

కూరలు తరిగే ఆడవాళ్లలో ఒకామె, "ఆమా? మా ఊరికి చేపలు తెచ్చే ఆమె. ఆమె కొడుక్కే గదా రేపు పెళ్లి," అని ఏ చెరువో, ఎక్కడ తిరగాలో చెప్పేసింది.

ఓనరు రైతుకు ఫోన్ చేశాడు. అందరం వింటున్నాం. "అన్నా, ఆ కుర్చీలు వేరేవోళ్లయి. ముందు చెప్పినారు... పేరా? పేరెందుకులే అన్నా. ముందు చెప్పినామె." అవతలి మాటలు నాకు వినబడలేదు గానీ ఈయన చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు. పెట్టేశాక, "అయిపోయింది," అన్నాడు. కానీ ఏమీ అయిపోలేదు. రైతు వెండిరంగు కుర్చీలు తీసుకున్నాడు, మళ్లీ ముహూర్తాలకు మా కొట్టుకే వచ్చాడు.

పెట్టె కోడలితో స్కూటీ మీద పోయింది. దాని మీద బొట్టు చెరపవద్దని అవ్వ ఆజ్ఞ. దాని తర్వాత అది బస్సెక్కలేదు. ఆ వారమే ఓనరు కోడలిని పిలిచి, "ఆ అద్దె బీరువా ఏందో తీసుకో పో," అన్నాడు.

పిల్లల కోసం ఆ తర్వాతి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను క్లౌడ్ వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నానంటారు. రెండు ఊళ్లలో ఒకటే బుకింగ్ కనబడటం గొప్ప సుఖం. స్టేజీని మళ్లీ విడగొట్టలేదు. కానీ ఉదయగిరిలో గాలివాన వచ్చిన రోజు తెర మీద చక్రం ఒకటి గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. ఆ సిగ్నల్ గురించి ఓనరు అన్నమాట నిజమేనని కోడలు ఒప్పుకుంది. రోజూ కొట్టు తెరవగానే ఆ వారం బుకింగులు ఫోన్లోకి దించిపెట్టుకుంటుంది. అద్దె కట్టే కార్డు గడువు తీరితే కూడా తాళం పడుతుంది, అదీ చూశాం. ఇక ఆ వీడియో గడ్డపాయనకు సొంత పెట్టే మేలు. పెళ్లి వీడియో అంటే కొండంత, దాన్ని మా పక్క నెట్‌లో పైకి పంపే లోపల ఆ జంటకు బిడ్డ పుడుతుంది. కాబట్టి మీది ఎక్కడెక్కడో కొట్లున్న వ్యాపారమా, ఒకేచోట బరువు సరుకున్న వ్యాపారమా చూసుకోండి. ఎప్పుడో పెళ్లికి వాడే గుండిగను ఎవరూ సొంతానికి కొనరు, రోజూ అన్నం వండే గిన్నెను ఎవరూ అద్దెకు తెచ్చుకోరు. నాకు తెలిసిన లెక్క ఇంతే.

ఆ సాయంత్రం సంగతి మిగిలిపోయింది.

అవ్వ పెట్టిన అన్నం తిని, చెరువు కట్ట మీదుగా పాలెం చేరేసరికి ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. మా షామియానా లేదు, వాళ్ల కొబ్బరాకుల పందిరే. పందిట్లో ఒక చివర నేలంతా అలికి, పెద్ద ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు మధ్యలో రెండు చదరాలు ఖాళీగా వదిలిపెట్టారు. ఆమె పక్కన కూర్చుని ముగ్గుకు ఎర్రమట్టితో అంచు దిద్దుతోంది.

ఆటో చూసి లేచింది, ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడొచ్చినారా? మంచిదే, ముగ్గు ఆరింది," అంది. ఓనరు నా వైపు చూశాడు. పాలెం పిల్లలంతా ఆటో చుట్టూ మూగారు. మగవాళ్లు నలుగురు కుర్చీలను పసిబిడ్డల్ని దించినట్టు దించారు.

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకు దాచడం రాదు. పెట్టె గుండిగలో పోయిందని, రైతు అడిగాడని, కుర్చీలు అటు పోయేంత పనైందని, నీ పేరు ఎవరికీ తెలియలేదని. ఆమె పెద్ద తెర మీద "నవ్వినామె" అని పడిందన్న చోట మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతాదంతా వేరే ఎవరి గురించో విన్నట్టు వింది.

"రాకపోయుంటే ఏం చేసేదానివి?" అని అడిగాను.

"రాకపోయేదేంది? నువ్వు వస్తాయన్నావు గదా."

అని, కుర్చీలు మోసుకొస్తున్న వాళ్లకు ఎదురెళ్లి, కాళ్లు ఎక్కడ పెట్టాలో చూపించడం మొదలుపెట్టింది. ఊరికే నిలబడ్డామని మమ్మల్ని కూడా పిలిచింది. ఒక సింహాన్ని నేను పట్టుకున్నాను, ఇంకోదాన్ని ఓనరు పట్టుకున్నాడు.

"నెమ్మదిగా అన్నా. ఇంకొంచెం ఇటు... చాలు చాలు. ముగ్గు తొక్కబాకండి."